యంత్రము మారినను విలువ మారని సంఖ్య

ఆర్మూరు పసుపు నేడు క్వింటాళ్ళలో తూగుచున్నది. క్వింటాలనగా దేశమంతట 100 కిలోలే. పూర్వము మణుగు అట్లు కాదు. మదరాసు మణుగు సుమారు 11.3 కిలోలు, వంగదేశపు మణుగు 37.3 కిలోలు. చీటిపై ‘పది మణుగులు’ అని వ్రాసిన చాలదు, ఏ మణుగో తెలియవలెను. 1956 నాటి చట్టము దేశమంతటికి మెట్రిక్ తూకమును నిర్ణయించినది. కంప్యూటర్లకును ఇట్టి చిక్కే ఉండెడిది.

భిన్నముతో కూడిన సంఖ్యను కంప్యూటరు గుర్తు, ఘాతము, భిన్నము అను మూడు భాగములుగా దాచుకొనును. 6.5 క్వింటాళ్ళను తీసికొందము. 6.5 = 1.625 × 2². అయితే 1964లో ప్రకటితమైన ఐ.బి.ఎం. 360 కంప్యూటరు ఘాతమునకు ఆధారముగా 2ను గాక 16ను గైకొన్నది. 1977 నాటి వ్యాక్స్ కంప్యూటరు అమరిక మరియొకటి.

1985లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 754వ ప్రమాణమును వెలువరించినది. ఇందులో బర్క్‌లీ ఆచార్యుడు విలియం కహాన్ కృషి ముఖ్యమైనది. దీని ప్రకారము 32 బిట్లలో గుర్తునకు 1, ఘాతమునకు 8, భిన్నమునకు 23. ఘాతమునకు 127 కలిపి వ్రాయుదురు. ఇట్లు వ్రాసినచో 6.5 నాలుగు బైట్లగును: 64, 208, 0, 0. ఈ బైట్లనే ఐ.బి.ఎం. 360 తన పద్ధతిలో చదివినచో వచ్చునది 0.8125. అనగా రైతు పసుపు ఎనిమిదవ వంతైపోయినది!

ప్రమాణము కుదిరినను ఒక చిక్కు మిగిలినది. కొన్ని కంప్యూటర్లు బైట్లను తలక్రిందులుగా, 0, 0, 208, 64 అని దాచును. ఆ వరుస తెలియక చదివినచో విలువ దాదాపు సున్న.

1972 ప్రాంతమున డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాష, సంఖ్య లోపలి అమరికను కంప్యూటరుకే వదలివేసినది. కావున జ్ఞాపకములోని బైట్లను ఉన్నవున్నట్లు ఫైలులోనికి ఎత్తి, వేరొక కంప్యూటరునకు పంపుట ప్రమాదము. దీనికి ఉపాయము ఆ భాషలోనే కలదు. ఫ్రెక్స్‌ప్ అను ప్రమేయము 6.5ను 0.8125, 3 అని విడదీయును, ఏలయన 0.8125 × 2³ = 6.5. ఈ రెంటినుండి ప్రమాణము కోరు పూర్ణాంకమును కట్టి, దానిని 256చే భాగించుచు ఒక్కొక్క బైటును వేరుచేసి, పెద్ద స్థానపు బైటు మొదలుగా వ్రాయవలెను. అంతయు అంకగణితమే గనుక ఏ కంప్యూటరులోనైనను ఫలితమొక్కటే. చదువువారు లిడెక్స్‌ప్ అను ప్రమేయముతో తిరిగి కలుపుకొందురు.

1987లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ ప్రకటించిన ఎక్స్.డి.ఆర్. నియమము ఈ వరుసనే స్థిరపరచినది. శాస్త్రజ్ఞులు వాడు నెట్-సి.డి.ఎఫ్. ఫైళ్ళ తొలి రూపమును దీనినే అనుసరించినది. సముద్రములలో తేలు ఆర్గో యంత్రములు కొలిచిన ఉష్ణోగ్రతలను, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ నెట్-సి.డి.ఎఫ్. ఫైళ్ళలోనే ప్రపంచమునకు అందించుచున్నది. అచ్చటి 28.5 డిగ్రీలు ఏ దేశపు కంప్యూటరులోనైనను 28.5 డిగ్రీలే.

విద్యార్థులు 13ను ఇట్లే నాలుగు బైట్లుగా వ్రాసి చూడవచ్చును. 65, 80, 0, 0 వచ్చినచో లెక్క సరియే.