శ్రోతృ సమీకరణ: 'వాణి' పత్రిక నుండి వాట్సాప్ దాకా

1938 జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం ప్రారంభమైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వెలసేవరకు కోస్తా తెలుగువారికి అదే ప్రధాన ప్రసారకేంద్రం. మద్రాసు-గూడూరు రైలుమార్గంలోని సూళ్లూరుపేట వంటి ఊళ్లకు ఆ తరువాత కూడా మద్రాసే చేరువ.

అయితే ప్రసారం ఉన్నంత మాత్రాన శ్రోత ఏర్పడడు. నాటకం, ప్రసంగం, సంగీతం ఏ వేళకు వస్తాయో ముందుగా తెలిపిన 'వాణి' పత్రిక శ్రోతను సిద్ధం చేసింది. పంచాయతీ రేడియో శ్రవణాన్ని సామూహికం చేసింది.

నేటి పాడ్‌కాస్ట్‌కు నిర్ణీత వేళ లేదు. కిరణ్‌ప్రభ టాక్ షోలు, 'హర్షణీయం' వంటివి ఎప్పుడైనా వినదగినవి. అందువల్ల వేళను తెలిపే ప్రకటన స్థానాన్ని, ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో శ్రోత మరొకరికి పంపే లంకె ఆక్రమించింది. నాడు శ్రవణం సామూహికం, ప్రచారం సంస్థాగతం. నేడు శ్రవణం ఏకాంతం, ప్రచారం సామూహికం. శ్రోతయే ప్రచారకుడు కావడం ఇందలి ప్రధాన పరిణామం.

'వాణి' అచ్చుప్రతి కనుక గ్రంథాలయాలలో వెదకవచ్చు. వాట్సాప్ సందేశం చెరిగిపోతే ఆధారం మిగలదు. కావున శ్రవ్యసాహిత్య చరిత్రకారులు ధ్వనితోపాటు, దానిని శ్రోత చెంతకు చేర్చిన పిలుపులను కూడా భద్రపరచవలసి ఉన్నది. లేనిచో రచన మిగులుతుంది, విన్నవారి చరిత్ర మిగలదు.