బేచిరాగ్ ఊళ్లు - పాత నక్షాలలో మన పెద్దల జాడలు

మన కర్నూలు ముస్లిం కుటుంబాలలో ఏ ఇంట్లో అడిగినా "మా అసలు ఊరు ఫలానాది" అని పెద్దవాళ్లు ఒక పేరు చెబుతారు. ఆ పేరు పట్టుకొని నేటి రోడ్డు మ్యాపులో వెతికితే చాలాసార్లు దొరకదు. అలాగని పెద్దలు చెప్పింది అబద్ధం కాదు. ఊరి పేరు మారి ఉంటుంది, లేదా ఊరే లేకుండా పోయి ఉంటుంది. మన ఇళ్లలో ఒక పేరు, సర్కారు కాగితంలో మరొక పేరు నడవటం కూడా కద్దు. ఈ చిక్కులు విప్పటానికి పాత నక్షాలు ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో, మాకు తెలిసినంతలో సభ్యులకు మనవి చేస్తున్నాము.

ముందు పేర్ల సంగతి. మన ఊరు తెలుగువారికి కందనవోలు. నవాబుల కాలంలో దీనికే కమర్‌నగర్ అని పేరు. తాతగారి నికానామాలో "సాకిన్ కమర్‌నగర్" అని ఉంటే మనవడు ఉత్తర హిందూస్తానంలో వెతుక్కోనక్కర లేదు, కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడితే చాలు. అలాగే కొండపల్లికి ముస్తఫానగర్ అనీ, కొండవీడుకు ముర్తజానగర్ అనీ సర్కారు పేర్లు ఉండేవి. నది అవతల మన వియ్యంకులు చాలామంది ఉన్న పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది. జిల్లాలు కూడా నిలకడగా లేవు. 2016లో అలంపురం జోగుళాంబ గద్వాల జిల్లాలోకి పోయింది. 2022లో మన జిల్లాలోంచే నంద్యాల జిల్లా వేరుపడింది. కనుక జిల్లా పేరు పట్టుకొని వెతకటం కంటే నది, వాగు, కొండ పట్టుకొని వెతకటం మేలు. అవి పేరు మార్చుకోవు.

ఇక నక్షాలు. సర్వే ఆఫ్ ఇండియా వారు అంగుళానికి ఒక మైలు లెక్కన వేసిన పాత షీట్లు ఈ పనికి బంగారం లాంటివి. కర్నూలు పట్టణం 57 ఐ/1 అనే షీటులో వస్తుంది. షీటు అడుగున గుర్తుల పట్టిక ఉంటుంది. అందులో గుడి, మసీదు, ఈద్‌గా, గుంబద్, సమాధులు - ఒక్కొక్కదానికి వేరే గుర్తు. ఇంకొక గుర్తు కూడా ఉంది, పాడుబడిన ఊరికి. మన రెవెన్యూ భాషలో అలాంటి ఊరిని బేచిరాగ్ గ్రామం అంటారు. చిరాగ్ అంటే దీపమని మన పిల్లలకు చెప్పనక్కర లేదు. దీపం పెట్టే ఇల్లు ఒక్కటీ లేని ఊరు. మనుషులు పోయినా కాగితం మీద ఊరు అలాగే నిలిచి ఉంటుంది, పొలిమేరలతో సహా. ఈ మాట ఎవరు పెట్టారో గాని, మా దృష్టిలో ఉర్దూ కవి పెట్టదగిన మాట.

మన ప్రాంతంలో ఈ విషయం ఒట్టి చరిత్ర ముచ్చట కాదు. శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981లో కృష్ణ, తుంగభద్ర ఒడ్డున ఉన్న సుమారు వంద ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇళ్లు, మసీదులు, దర్గాలు, ఖబ్రస్తాన్లు అన్నీ నీళ్లలోకి పోయాయి. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. పాత షీటులో ఎత్తుగీతలు 50 అడుగులకు ఒకటి గీసి ఉంటాయి. 850, 900 గీతల నడుమ 885 ఎక్కడ పడుతుందో అంచనా వేసుకుంటే ఏ ఊరు మునిగిందో, ఏ ఊరు గట్టున మిగిలిందో ఇంట్లో కూర్చుని చెప్పవచ్చు.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఎనభై దాటిన నానీమా ఒకరున్నారు. ఆమె వాలిద్, ఇద్దరు పసిబిడ్డలు ఆ మునిగిన ఊళ్లలో ఒకదానిలో దఫన్ అయి ఉన్నారు. ఊరి పేరు రాయవద్దని కుటుంబం వారు కోరారు. ఖబర్ల దగ్గర నిలబడి ఒక్కసారి ఫాతెహా చదవాలని ఆమె పట్టు. వేసవిలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజులు చూసుకొని షీటు నకలు తీసుకొని బయలుదేరాము. నక్షాలో ఈద్‌గా గుర్తు ఉంది, సమాధుల గుర్తు లేదు. చిన్న ఖబ్రస్తాన్ కాబట్టి సర్వే వారు వదిలేసి ఉంటారు. అక్కడితో కాగితం పని అయిపోయింది. ఆ పైన దారి చూపింది ఆ ఊరి పాత తలారి కొడుకు. ఇప్పుడాయన గట్టుమీది కాలనీలో గొర్రెలు కాస్తున్నాడు.

"యాడరా నాయనా మావోళ్ల బొందలు?" అని నానీమా అడిగారు.

"ఆ మొండిగోడ కనపడతాండ్లా జేజీ, అది మీ నమాజు గోడ. దాని ఎడంపక్క కుంటకట్ట దిగితే మీ వోళ్లవే అన్నీ."

ఈద్‌గా గోడ ఎప్పుడూ పడమటి వైపునే, ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. అది దొరికితే దిక్కులు దొరికినట్టే. మన ఖబర్లు కూడా ఉత్తర దక్షిణాలుగానే ఉంటాయి గనుక ఆ వరుసలో పడి ఉన్న రాళ్లు కొన్ని బురదలో గుర్తు పట్టాము. ఏ రాయి ఎవరిదో తేలలేదు. నలభై ఏళ్ల ఒండ్రు కింద తేలే పని కూడా కాదు. నానీమా మాత్రం అడగలేదు. దుపట్టా సర్దుకొని అక్కడే కూర్చున్నారు.

తలారి కొడుకు సంగతి ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నామంటే, మన ఊళ్ల జ్ఞాపకం మన దగ్గరే లేదు. పీర్ల చావిడి ఎక్కడుండేదో, ఏ పీరును ఎవరు ఎత్తేవారో, గుండం ఏ వేపచెట్టు కింద తవ్వేవారో హిందూ సోదరులే ఎక్కువగా చెబుతారు. పీర్ల పండుగలో వాళ్లు కూడా భాగస్తులే కదా. వలస పోయిన మనం మరిచిపోయాము, ఉండిపోయిన వాళ్లు మరవలేదు. నక్షాతో పోయేవారు ముందు మసీదు కాదు, రచ్చకట్ట దగ్గర కూర్చోవాలి.

కాగితాలలో మరొకటి చూడదగ్గది ఇనాం రిజిస్టరు. నవాబు గులాం రసూల్ ఖాన్ నుంచి 1839లో కంపెనీవారు కర్నూలు లాక్కున్నారు, 1858లో జిల్లా చేశారు. ఆ తర్వాత ఇనాం కమిషన్ వారు ఖాజీ, ఖతీబు, మసీదు, దర్గా సేవల ఇనాములను ఊరు వారీగా విచారించి రాసుకున్నారు. మీ ఇంటిపేరు వెనక ఖాజీ అనో ఖతీబ్ అనో ఉంటే అందులో తాత పేరు దొరికే అవకాశం గట్టిగా ఉంది. దానిని నక్షాతో జోడిస్తే ఖబ్రస్తాన్ హద్దు తగాదాలలో కూడా పనికొస్తుంది. ఖాళీ స్థలం అంటూ కంచె వేసేవాడికి నోటిమాట చాలదు.

ఫస్లీ సంవత్సరం చూసి బెదరనక్కర లేదు. మన వైపు ఫస్లీకి 590 కలిపితే ఆ జూలైలో మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫస్లీ 1391 అంటే 1981 జూలై నుంచి 1982 జూన్ వరకు. నిజాం రాజ్యంలో మాత్రం అక్టోబరులో మొదలయ్యేది, పాలమూరు కాగితాలు చూసేవారు ఇది గమనించాలి.

పాత అంగుళం షీట్లు దొరకనివారు 1950లలో అమెరికా సైన్యం వారు వేసిన 1:2,50,000 నక్షాలు చూడవచ్చు. ఇవి కంప్యూటర్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆనకట్టకు ముందువి గనుక మునిగిన ఊళ్లు కూడా వాటిలో ఉన్నాయి, అక్షరాలు చిన్నవైనా భూతద్దంతో చదవవచ్చు. మా దగ్గరున్న నకళ్లు సంఘం ఆఫీసులో ఉంచాము. జుమా నమాజు తర్వాత ఎవరైనా వచ్చి చూడవచ్చు. వచ్చేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకురండి. నడవలేని వారైతే కబురు చేయండి, నక్షా మేమే ఇంటికి తెస్తాము.