హేజెల్ మెకాలియన్

హేజెల్ మెకాలియన్ (1921 ఫిబ్రవరి 14 – 2023 జనవరి 29) కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో టొరంటో పొరుగున ఉన్న మిస్సిసాగా నగరానికి 1978 నుంచి 2014 వరకు మేయరు. వరసగా 12 ఎన్నికల్లో గెలిచారు. క్విబెక్ రాష్ట్రంలోని పోర్ట్ డేనియల్‌లో పుట్టి, మాంట్రియల్‌లో ఆటకు 5 డాలర్ల చొప్పున ఐస్ హాకీ ఆడి, ఒక ఇంజనీరింగ్ కంపెనీలో చాలాకాలం ఉద్యోగం చేశారు.

1951లో శామ్ మెకాలియన్‌తో పెళ్లయ్యాక స్ట్రీట్స్‌విల్ అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డారు. 1964లో అక్కడ పోటీచేసిన తొలి ఎన్నికలో ఓడిపోయారు. 1970 నుంచి 1973 వరకు ఆ ఊరికి మేయరు. మిస్సిసాగాలో విలీనాన్ని స్ట్రీట్స్‌విల్ గట్టిగా వ్యతిరేకించింది. ఆమె ఆ పోరులో ముందు నిలిచారు. 1974 జనవరి 1న విలీనం జరిగిపోయింది. వద్దన్న నగరానికే నాలుగేళ్ల తర్వాత, పదవిలో ఉన్న రాన్ సెర్ల్‌ను ఓడించి, ఆమె మేయరయ్యారు.

మరుసటి ఏడాదే పెద్ద పరీక్ష ఎదురైంది. 1979 నవంబరు 10, శనివారం అర్ధరాత్రికి కాస్త ముందు, మేవిస్ రోడ్డు గేటు దగ్గర గూడ్సు బండి పట్టాలు తప్పింది. ఒక ఇరుసు బేరింగు వేడెక్కి చక్రాలు ఊడిపోవడమే కారణం. ప్రొపేన్ ట్యాంకర్లు పేలాయి. వాటి పక్కనే క్లోరిన్ నిండిన ట్యాంకరు చిల్లుపడి ఉంది. 2 లక్షలకు పైగా జనాన్ని, 3 ఆసుపత్రుల రోగులతో సహా, ఇళ్లు ఖాళీ చేయించారు. ఆమె కాలు బెణికినా కుంటుతూనే విలేకరుల ముందుకొచ్చి ఎప్పటికప్పుడు పరిస్థితి చెప్పారు. జనం తిరిగి ఇళ్లకు చేరడానికి దాదాపు వారం పట్టింది. ఒక్క ప్రాణం పోలేదు. పోలీసులు, అగ్నిమాపక దళం పంచుకోవలసిన కీర్తిలో పెద్ద వాటా ఆమెకే దక్కింది. 1980లో పోటీ లేకుండానే ఎన్నికయ్యారు.

తర్వాతి మూడు దశాబ్దాలు నగరం పెరిగిన కథే. 1981లో 3,15,056 ఉన్న జనాభా 2011కి 7,13,443కు చేరింది. వలస వచ్చి స్థిరపడినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కొత్త రోడ్లు, మురుగు కాలువల ఖర్చును బిల్డర్ల నుంచి రుసుముగా రాబట్టి, చాలా ఏళ్లు అప్పు లేకుండా నగరాన్ని నడపడం ఆమె మెచ్చుకోదగ్గ లెక్కల పని. ఖాళీ భూములు నిండిపోయాక ఆ రాబడి సన్నగిల్లింది, చివరి రోజుల్లో అప్పు తప్పలేదు. కారు లేనిదే కదలలేని ఊరు కట్టారన్న విమర్శ కూడా ఉంది.

ఆమె తన భూమికి సంబంధించిన అంశంపై ఓటు వేయడం ప్రయోజనాల ఘర్షణేనని 1982లో కోర్టు తేల్చినా, పదవి మాత్రం పోలేదు. కుమారుడికి సంబంధమున్న హోటల్ ప్రాజెక్టు విషయంలో 2011 నాటి న్యాయ విచారణ నివేదిక కూడా ఆమెను తప్పుపట్టింది.

2014లో మళ్లీ పోటీ చేయలేదు. బానీ క్రాంబీ మేయరయ్యారు. 101 ఏళ్ల వయసులోనూ టొరంటో విమానాశ్రయ పాలకమండలి సభ్యురాలిగా కొనసాగారు. పుట్టినరోజైన ఫిబ్రవరి 14నే, 2023లో, మిస్సిసాగాలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.