నల్లరేగడి సీమ: లౌండెస్ కౌంటీ

వానకాలమున రేగడిచేలో నడచినవారికి ఆ నేల గుణము వేరుగ చెప్పనక్కరలేదు. తడిసిన కాలిని విడువదు. ఎండిన నెఱ్ఱెలు విచ్చి గడ్డపాఱకు లొంగదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణమున నున్న అలబామా రాష్ట్రమున నిట్టి నల్లనేలయే యొక పట్టెవలె తూర్పు పడమరలుగ సాగియున్నది. అచ్చటివారు దానిని 'బ్లాక్ బెల్టు', అనగా నల్లపట్టె యందురు. ఆ పట్టెలోని లౌండెస్ కౌంటీ వృత్తాంతమును మేమిచ్చట తెలుపబూనితిమి. కౌంటీ యనగా మన జిల్లావంటి విభాగమే గాని మిక్కిలి చిన్నది. 2020 జనాభా లెక్కలో దీని ప్రజలు 10,311 మంది మాత్రమే. మన సీమలో నొక్క పెద్ద గ్రామమున నింతమంది కలరు. భూమి మాత్రము 716 చదరపు మైళ్లు.

ఉత్తరమున అలబామా నది యెల్ల. పడమట సెల్మా పట్టణము, తూర్పున రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీ. ఆ రెంటిని గలుపు 80వ నంబరు రాజమార్గము ఈ కౌంటీని చీల్చుకొని పోవును. ముఖ్యస్థానమగు హేన్‌విల్ వేయిమంది యైన లేని యూరు. అడుగున సుద్దరాయి, పైన బంకమన్ను: ఇదియే భూస్వభావము. చదువరులీ మాటను మఱువకుందురు గాక. దీనితో మరల పని కలదు.

పూర్వమిది క్రీకు జాతివారి దేశము. 1814 నాటి సంధిలో వారు విశాల భూభాగమును కోల్పోయిరి. 1830లో కౌంటీ యేర్పడెను. రేగడి ప్రత్తికి పుట్టినిల్లు. ప్రత్తికి కూలీలు కావలెను. కూలి యీయనక్కరలేని కూలీలను దొరలు తూర్పు రాష్ట్రములనుండి కొని తెచ్చిరి. 1860 లెక్కలో 27,716 మందిలో 19,340 మంది బానిసలు. నల్లపట్టె యను పేరు మొదట నేలరంగునుబట్టి కలిగి, పిదప జనులనుబట్టి వాడబడినదని బుకర్ టి. వాషింగ్టన్ వ్రాసియున్నాడు.

1865లో దాస్యము పోయినది. భూమి మాత్రము చేతులు మాఱలేదు. విడుదలయైనవారు దొరల పొలములనే పాలికి సేద్యము చేయుచు, విత్తనమునకును తిండికిని వారియొద్దనే యప్పుపడుచుండిరి. 1901 నాటి రాష్ట్ర రాజ్యాంగము ఓటుపన్నును, అక్షరపరీక్షను పెట్టి వారి ఓటును హరించెను. 1900లో 35,651 మంది యున్న కౌంటీలో 1960 నాటికి 15,417 మంది మిగిలిరి. ప్రత్తికాయ పురుగు కొంత, ఉత్తరదేశపు కర్మాగారముల పిలుపు కొంత, భయము కొంత వారిని తఱిమినవి. మిగిలినవారిలో అయిదుగురికి నలుగురు నల్లవారు. అయినను 1965 ఫిబ్రవరిలో ఓటర్ల పట్టికయందు వారి పే రొక్కటియు లేదు! తెల్లవారి పేర్లో, ఓటునకర్హులైన తెల్లవారికంటె నెక్కువ. చచ్చినవారికిని అచ్చట ఓటు గలదు కాబోలు.

ఆ మార్చిలో మార్టిన్ లూథర్ కింగు నడిపించిన సెల్మా యాత్ర యీ మార్గముననే సాగెను. 25వ తేది రాత్రి, యాత్రికులను తన కారులో చేరవేయుచుండిన వయోలా లియుజో యను అయిదుగురు బిడ్డల తల్లిని ఈ కౌంటీలోనే కాల్చి చంపిరి. ఆగస్టు 6న ఓటుహక్కు చట్టము వచ్చెను. రెండు వారములకే హేన్‌విల్‌లో పదునేడేండ్ల నల్లబాలికకు అడ్డుపడి జోనాథన్ డేనియల్స్ అను మతవిద్యార్థి ప్రాణము గోల్పోయెను. చంపినవానిని పండ్రెండుగురు తెల్లపురుషుల జూరీ నిర్దోషియని విడిచిపెట్టెను.

మన గృహిణులు తెలిసికొనదగిన సంగతి యొకటి యిచ్చట గలదు. నాటి అలబామాలో తెల్లదైనను నల్లదైనను స్త్రీ జూరీలో కూర్చుండరాదు. ఈ కౌంటీ జూరీలపై నడచిన వ్యాజ్యమున, నల్లవారిని విడుచుటయే గాక స్త్రీలను విడుచుటయు రాజ్యాంగవిరుద్ధమేయని 1966లో ఫెడరల్ న్యాయస్థానము తీర్పు చెప్పెను. వర్ణమునకై మొదలిడిన పోరు స్త్రీకిని తలుపు తెఱచినది. పండితులు సెల్మాను గూర్చి వ్రాసినదానిలో పదవవంతైన దీనిని గూర్చి వ్రాసియుండినచో బాగుండెడిది.

ఓటు వ్రాయించుకొన్న పాలికాపులను దొరలు ఇండ్లనుండి వెడలగొట్టిరి. వారు రాజమార్గపు ప్రక్కనే గుడారములు వేసికొని యించుమించు రెండేండ్లు కాపురముండిరి. చదువురానివారికై పార్టీకొక గుర్తుండవలెనని రాష్ట్రనిబంధన. అందుచే వారు స్థాపించుకొన్న పార్టీకి నల్ల చిఱుతను గుర్తుగ నెన్నుకొనిరి. కాలిఫోర్నియాలో పుట్టిన పేరొందిన పార్టీ ఆ గుర్తును ఇచ్చటినుండియే గైకొన్నది. 1966 ఎన్నికలలో వీరి అభ్యర్థులందఱును ఓడిరి. 1970లో వారి నాయకుడు జాన్ హ్యూలెట్ షెరీఫుగ, అనగా కౌంటీ పోలీసు అధిపతిగ, ఎన్నికయ్యెను.

ఓటు వచ్చినది, నేల మాఱలేదు. పైన చెప్పిన బంకమన్ను నీటిని లోనికి దిగనీయదు. మురుగుకాలువలు లేని పల్లెలలో సెప్టిక్ ట్యాంకు పనిచేయదు. ఆ నేలకు తగిన యేర్పాటు వేల డాలర్ల పని. బీదలు ఇంటినుండి గొట్టము పెట్టి పెరటిలోనికో పల్లములోనికో మురుగు వదలుదురు. వానపడిన నది మరల నింటిలోనికి వచ్చును. దీనికి పరిహారముగ ప్రభుత్వము మొదట చేసినది బీదలపై నేరము మోపుట! ఈ కౌంటీలో పెరిగిన కేథరిన్ కోల్‌మన్ ఫ్లవర్సు అను వనిత యీ దురవస్థను దేశమునకు చాటినది. 2017లో ప్రకటింపబడిన పరీక్షలో 55 మందిలో 19 మందియందు కొంకిపురుగు జాడ కనబడెను. చిన్న పరీక్ష గావున దానినిబట్టి కౌంటీ కంతటికి లెక్క గట్టరాదు. 2023లో ఫెడరల్ న్యాయశాఖ రాష్ట్ర ఆరోగ్యశాఖతో ఒడంబడిక చేసికొని నేరము మోపుటను ఆపించెను, బాగుచేతకు మార్గము చూపెను. 2025 ఏప్రిలులో ఆ న్యాయశాఖయే, జాతిభేదముల నివారణ యత్నములను వదలుకొను క్రొత్త ఉత్తరువును జూపి, ఒడంబడికను రద్దుచేసెను. గుడారములు వెలసినచోట నేడొక ప్రదర్శనశాల కలదు. దానికి కొన్ని మైళ్ల దూరములోనే ఆ గొట్టములును కలవు.