అర సెకను ఆలస్యం.. బయటపడిన రెండేళ్ల నాటకం

మీ ఫోన్‌లో యాప్ ఓపెన్ చేస్తే వెనకాల ఎక్కడో ఒక సర్వర్ పనిచేస్తుంది కదా. అలాంటి సర్వర్లలో చాలావరకు నడిచేది లినక్స్. అందులో ఫైళ్ల సైజు తగ్గించే చిన్న టూల్ ఒకటుంది, పేరు ఎక్స్‌జెడ్. ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నది ఫిన్లాండ్‌కు చెందిన లాసే కొలిన్ అనే ఒకే ఒక్క మనిషి. జీతం లేదు, ఖాళీ టైమ్‌లో చేసే పని. ఇవాళ్టి కథ ఆయన చేతిలో ఉన్న తాళంచెవి గురించి.

ఏంటా తాళంచెవి? ఓపెన్ సోర్స్‌లో కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్పు ఎవరైనా పంపొచ్చు. కానీ దాన్ని అసలు కోడ్‌లో కలిపే హక్కు కొందరికే ఉంటుంది. అదే కమిట్ యాక్సెస్. 1995లో అపాచీ వెబ్ సర్వర్‌ని మొదలుపెట్టింది 8 మంది. ఈమెయిల్‌లో ప్యాచ్‌లు పంచుకునేవాళ్లు. ఒప్పుకుంటే ప్లస్ వన్, అభ్యంతరం ఉంటే మైనస్ వన్ అని ఓటు వేసేవాళ్లు. కొత్తవాళ్లు కొంతకాలం మంచి పని చేసి చూపిస్తే, ఉన్నవాళ్లే పిలిచి హక్కు ఇచ్చేవాళ్లు. ఏ కాలేజీ అని కాదు, ఏం చేశావన్నదే లెక్క. చాలా ప్రాజెక్టుల్లో ఇప్పటికీ ఇదే దారి.

కట్ చేస్తే 2021. జియా టాన్ అనే పేరుతో ఒకరు ఎక్స్‌జెడ్‌కి ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. పని బాగుంది, మాట మర్యాదగా ఉంది. 2022లో ఇంకొన్ని కొత్త పేర్లు వచ్చాయి. పని లేటవుతోంది, ఇంకో మెయింటెయినర్‌ని పెట్టండి అని కొలిన్ మీద ఒకటే ఒత్తిడి. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది జీతం లేని పని అని ఆయన చెప్పుకున్నారు. అయినా ఆగలేదు. చివరికి తాళంచెవి జియా టాన్ చేతికి కూడా వెళ్లింది. 2023కల్లా కోడ్ కలపడం, రిలీజ్‌లు ఇవ్వడం ఆ పేరుతోనే జరిగాయి.

2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో దొంగదారి పెట్టేశారు. టెస్ట్ ఫైళ్లలా కనిపించే వాటిలో దాచారు. దాని రహస్య కీ ఉన్నవాళ్లు, ఆ వెర్షన్ పడిన సర్వర్లలోకి పాస్‌వర్డ్ లేకుండా దూరిపోవచ్చు! నమ్మించి గొంతు కోయడం అంటే ఇదే.

మరి పట్టుకున్నదెవరు? ఆండ్రెస్ ఫ్రాయిండ్, మైక్రోసాఫ్ట్ ఇంజనీర్. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఏళ్లపాటు పనిచేసి, ఇదే దారిలో కమిట్ హక్కు సంపాదించిన మనిషి. ఏవో స్పీడ్ టెస్టులు చేస్తుంటే రిమోట్ లాగిన్‌కి దాదాపు అర సెకను ఎక్కువ పడుతోంది. వేరేవాళ్లైతే నెట్ స్లో అని వదిలేసేవాళ్లు. ఆయన తవ్వారు. మార్చి 29న ప్రపంచానికి చెప్పేశారు. అప్పటికి ఆ వెర్షన్ ఎక్కువగా టెస్టింగ్ దశలో ఉన్న లినక్స్‌లలోకే చేరింది. అందుకే బతికిపోయాం. జియా టాన్ వెనక ఉన్నదెవరో మాత్రం నేటికీ తేలలేదు.

అయితే కొత్తవాళ్లని నమ్మకూడదా? అలా మూసేస్తే ఫ్రాయిండ్ లాంటివాళ్లు కూడా లోపలికి రాలేరు. నాకు తప్పు కనిపించింది వేరే చోట. అంతమంది వాడే టూల్ బరువు ఒక్కడి భుజాల మీద వదిలేశాం. పక్కన ఇంకో ఇద్దరు తెలిసినవాళ్లు ఉంటే, తొందరపెట్టిన ఆ గొంతులకి అంత బలం వచ్చేది కాదు.

మీరు ఓపెన్ సోర్స్ మొదలుపెడుతుంటే, ఎవరూ ముట్టుకోని బగ్ ఒకటి తీసుకోండి. ఇంకొకళ్ల ప్యాచ్ ఓపిగ్గా చదివి చూడండి. రిప్లై లేటైతే మెయింటెయినర్‌ని తిట్టకండి, అటువైపు కూడా మనిషే ఉన్నాడు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!