యుగ శబ్దము

‘యుగము’ అనగానే లక్షల సంవత్సరములు తలపునకు వచ్చును. కాని ఈ మాట మొదట వినబడినది పొలములో. ‘యుజ్’ ధాతువునకు కలుపుట, పూన్చుట అని అర్థము. రెండెడ్ల మెడలను కలుపు కాడియే తొలి యుగము. లాటిను ‘యుగుమ్’, ఆంగ్లమునందలి ‘యోక్’ దీనికి సోదర పదములు.

ఋగ్వేదకాలమునకే ఈ పదము కాడితోపాటు తరమునకును పేరైనది. దీర్ఘతముడు పదవ యుగమున వృద్ధుడయ్యెనని అందు కలదు. ఒక మనుష్యుని ఆయువులో పది ఇమిడిన యుగము లక్షల యేండ్లది కాజాలదు. వేదాంగ జ్యోతిషమున యుగమనగా అయిదు సంవత్సరములే. 1830 దినములలో 60 సౌరమాసములును 62 చాంద్రమాసములును పూర్తియై సూర్యచంద్రులు మరల కలిసికొందురని గణకుల లెక్క. ఇచ్చటను కాడి అర్థము చెడలేదు. ఎడ్లకు మారుగా జ్యోతిస్సులు పూన్చబడినవి.

నాలుగు యుగముల పేర్లు జూదమునుండి వచ్చినవి. తానికాయలను నాలుగేసి చొప్పున లెక్కింపగా శేషము లేనిది కృతము. మూడు మిగిలిన త్రేత, రెండు మిగిలిన ద్వాపరము, ఒకటి మిగిలిన కలి. నలుని విడిచిన కలి తానిచెట్టును ఆశ్రయించుటలో ఈ పూర్వసంబంధము నిలిచియున్నది. పందెపు నాలుగు, మూడు, రెండు, ఒకటియే పురాణములలో ధర్మపాదములైనవి, యుగముల కొలతలైనవి. కలికి 4,32,000 సంవత్సరములు. కృతమునకు దానికి నాలుగు రెట్లు.

ఆర్యభటుడు ఈ తరుగుదలను అంగీకరింపక నాలుగు పాదములను సమముగా విభజించెను. క్రీ. శ. 499లో, తనకు 23 ఏండ్లు నిండునాటికి, నాలుగవ పాదమున 3600 సంవత్సరములు గడచినవని తెలిపెను. ఆ విభజన స్మృతివిరుద్ధమని బ్రహ్మగుప్తుడు ఆక్షేపించెను. అయినను ఇరువురికిని కలి గణనకు ఆధారమే గాని శాపము కాదు.

లోకము మాత్రము కలిని సాకుగా చేసికొన్నది. అన్యాయము కనబడినపుడు ‘కలికాలము’ అని నిట్టూర్చి ఊరకుండుట వాడుకయైనది. ప్రాచీనులు ఇంత సులభముగా తప్పించుకొనలేదు. ఐతరేయ బ్రాహ్మణము నిద్రించువానిని కలిగను, నడచువానిని కృతముగను భావించినది. శాంతిపర్వమున భీష్ముడు యుగముల మంచిచెడ్డలకు రాజునే బాధ్యునిగా చేసెను.

కన్నడాంధ్ర దేశముల ‘ఉగాది’ యుగాది శబ్దభవమే. నాడు మొదలగునది ఒక సంవత్సరము మాత్రమే. మనుష్యుడు మెడపై మోయగల కాడి అంతటిదే.