మలుగుల వంశవృక్షము

మలుగు పామువలె కనబడును గాని పాము కాదు, చేప. దాని నడవడి మన మెరిగిన పులస నడవడికి విపరీతము. పులస సముద్రములో పెరిగి, సంతానమునకై గోదావరిలో ఏటికెదు రీదును. మలుగు నదులలోను చెరువులలోను ఏండ్లకొలది పెరిగి, సంతానమునకై సముద్రమునకు దిగి, అచ్చటనే తనువు చాలించును. అందుచేత నదీతీరవాసు లెవరును దాని గ్రుడ్లను చూచి యెరుగరు. క్రీస్తుకు పూర్వము నాల్గవ శతాబ్దమున అరిస్టాటిల్ అంతటి పరిశీలకుడు సైతము మలుగు బురదనుండియే జనించునని తలచెను.

ఈ చేప తల్లిదండ్రులను గూర్చిన అన్వేషణ మిక్కిలి మెల్లగా సాగెను. 1777లో ఇటలీ దేశీయుడు మొండీని మలుగు అండాశయమును గుర్తించి వర్ణించెను. మగ మలుగు రహస్యమునకై 1876లో ట్రియెస్టు నగరమున ఒక యువ విద్యార్థి సుమారు నాలుగు వందల మలుగులను కోసి చూచెను. కాని నిస్సందేహమైన సమాధానము లభింపలేదు. అతడే తరువాత మనస్తత్వ శాస్త్రమున జగద్విఖ్యాతుడైన సిగ్మండు ఫ్రాయిడు. 1896లో గ్రాస్సీ, కలండ్రూచియో అను ఇటలీ పండితులు మరియొక వింతను వెల్లడించిరి. ఆకువలె పలుచనై, గాజువలె పారదర్శకమై, వేరు జాతిగా పేరు పెట్టబడిన ఒక సముద్రజీవి నిజమునకు మలుగు శిశువే. ఆకారమును మాత్రమే నమ్మి బంధుత్వమును నిర్ణయించుట ఎంత ప్రమాదమో ఈ సంఘటన చాటి చెప్పెను.

ఆ శిశువుల జన్మస్థానమును వెదకినవాడు డెన్మార్కు దేశీయుడు యోహానెస్ ష్మిట్. 1904లో ఫారో దీవులకు పడమట అతనికి అట్టి శిశువొకటి దొరకెను. అది మొదలు సుమారు ఇరువది యేండ్లు అతడు అట్లాంటిక్ సముద్రమును వలలతో గాలించెను. శిశువుల పొడవు ఏ దిక్కున తగ్గుచుండెనో ఆ దిక్కునకే పోయి, వాని జన్మభూమి సార్గాసో సముద్రమని 1922లో ప్రకటించెను.

ష్మిట్ చేసిన మరియొక పని అంత ప్రసిద్ధము కాదు గాని మన కథకు అదియే ముఖ్యము. అతడు వేలకొలది చేపల వెన్నుపూసలను లెక్కించెను. తీరము విడువని ఒక చిన్న చేపకు ఒక సముద్రపుపాయలో నొక సగటు, మరియొక పాయలో మరియొక సగటు కనబడెను. మలుగున కట్లు కాదు. ఐస్లండు మొదలు మధ్యధరా సముద్రము వరకు ఎచ్చట పట్టినను సగటున సుమారు 115 పూసలే. అమెరికా మలుగులకు మాత్రము సుమారు 107. కావున ఐరోపా మలుగు లన్నియు నొకే కుటుంబమనియు, అమెరికా మలుగులు వేరు జాతి యనియు అతడు నిశ్చయించెను.

1959లో టక్కర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ నిర్ణయమును ఎదిరించెను. ఐరోపా మలుగులు అంత దూరము ఈదజాలక మార్గమధ్యమున నశించుననియు, ఐరోపా నదులు చేరు శిశువులన్నియు అమెరికా మలుగుల సంతానమే యనియు, పూసల తేడా పుట్టినచోటి నీటి వెచ్చదనము వలన గలిగినదనియు అతని వాదము. ఇది సామాన్యమైన ప్రశ్న కాదు. కంటికి కనబడు లక్షణము వంశమునుండి వచ్చినదా, పరిసరమునుండి వచ్చినదా? పూసలను మరి యెన్ని లెక్కించినను దీనికి జవాబు రాదు.

జవాబు శరీరములోని మాంసకృత్తులనుండియు, జన్యుపదార్థమునుండియు వచ్చెను. 1980లో కంపారీని, రొడీనో అనువారు సార్గాసోలో పట్టిన శిశువుల మాంసకృత్తులను పరీక్షించి, అచ్చటనే రెండు జాతు లున్నట్లు చూపిరి. 1986లో అవైస్, అతని సహచరులు తల్లినుండి మాత్రమే సంక్రమించు మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను పోల్చి చూచిరి. టక్కర్ చెప్పినదే నిజమైనచో రెండు తీరముల మలుగులలో నొకే మాతృవంశము కనబడవలెను. కనబడినవి రెండు. అమెరికా తీరమున నాలుగువేల కిలోమీటర్ల పొడవునను మాత్రము భేదము గోచరింపలేదు. అయినను జాతుల నడుమ గోడ దుర్భేద్యము కాదు. ఐస్లండు మలుగులలో నూటికి సుమారు 15 సంకర సంతానమని 2006లో ఒక పరిశోధన తెలిపెను.

ఐరోపా మలుగు లన్నియు నొకే కుటుంబమన్న మాటకు 2001లో మరల ఆటంకము కలిగెను. దూరము పెరిగిన కొలది జన్యుభేదము కొంత పెరుగుచున్నదని ఒక పరిశోధన ప్రకటించెను. కాని ఆ భేదము స్థలమును బట్టి గాక, శిశువులు వచ్చిన కాలమును బట్టి కలుగుచున్నదని 2005లో తేలెను. 2011లో సార్గాసోలోనే పట్టిన శిశువులను పరీక్షింపగా ష్మిట్ మాటయే నిలిచెను.

ఇక విశాల వంశమును చూతము. 1939లో ఎగే అను పండితుడు లోకమున పదునారు మలుగు జాతులను లెక్కించెను. 2009లో ఫిలిప్పీను దీవులలో మరియొకటి గుర్తింపబడెను. అట్లాంటిక్ తీరములవి రెండే. తక్కినవి హిందూ, పసిఫిక్ మహాసముద్రముల తీరదేశములవి. మన దేశపు నదులలోను రెండు జాతులు కలవు. 2009లో జపాను పరిశోధకులు మరియానా దీవులకు పడమట తమ మలుగు గ్రుడ్లనే సేకరించిరి. మలుగుల సమీపబంధువులు లోతట్టు చీకటి సముద్రములలో తిరుగు విచిత్ర మత్స్యములని 2010లో జన్యుపరిశోధన చూపెను. మలుగు నదినుండి సముద్రమునకు వలసపోవు చేప యని మన మనుకొందుము. వంశచరిత్రను బట్టి అది అన్నము తినుటకు నదికి వచ్చిన సముద్రపు చేప. పురిటికి పుట్టింటికే పోవుచున్నది.

ఈ వంశవిచారము పండితుల వినోదము మాత్రమే కాదు. 1980 తరువాత ఐరోపా తీరములకు వచ్చు మలుగు శిశువుల సంఖ్య పూర్వపు సంఖ్యలో పదియవ వంతుకు లోపునకు పడిపోయెను. 2008లో ఆ జాతి తీవ్రముగా అంతరించు ప్రమాదమున నున్నట్లు ప్రకటింపబడెను. ఒక నదికి తనదైన మలుగు వంశముండినచో ఆ నదీతీరవాసులే దానిని రక్షించుకొనగలరు. కాని అట్టి వంశము లేదని పూసలును, జన్యువులును చెప్పుచున్నవి. ఒక దేశము విడిచిపెట్టిన తల్లి సంతానము మరియొక దేశపు నదిని చేరవచ్చును. ఒక ఆనకట్ట క్రింద నశించిన మలుగు అందరి నదులకును నష్టమే. అందుచేతనే 2007లో ఐరోపా సంఘము సభ్యదేశము లన్నిటికి నొకే నియమము విధించెను. మనుష్యుల జోక్యము లేని కాలమున ఎన్ని ఎదిగిన మలుగులు సముద్రమునకు పోయెడివో, వానిలో నూటికి 40 వంతులైన పోనీయవలెనని దాని సారాంశము. ఉమ్మడి ఆస్తిని పంచుకొని అనుభవింపవచ్చును గాని, పంచుకొని కాపాడుట సాధ్యము కాదు.